తెల్లనిది, గోధుమ రంగుది, డమరుకం గుర్తుది: మూడూ ఒకే చెట్టు కప్ప

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్పుకుందామమ్మా. హనుమకొండలో మీ స్నానాల గది గోడకు సున్నం ముద్దలా అతుక్కుని ఒక తెల్లని కప్ప ఉంది. నర్సంపేట దగ్గర మీ పుట్టింటి తోటలో, జామచెట్టు మీద నల్ల మచ్చల గోధుమ రంగు కప్ప ఉంది. ఏటూరునాగారంలో మీ తమ్ముడు ఫొటో తీసిన కప్పకు వీపు మీద డమరుకం లాంటి గుర్తు ఉంది. ఇవి మూడు జాతులా అన్నది మీ మొదటి ప్రశ్న. ఫోనులోని యాప్ ఆ మూడోదానికి పాలీపెడేటస్ ల్యూకోమిస్టాక్స్ అని పేరు చెప్పింది, నమ్మవచ్చా అన్నది రెండోది. ఇంటి వెనుక నీటి తొట్టి లోపలి గోడకు సబ్బు నురుగులా ఏదో అంటుకుంది, కడిగేయాలా అన్నది మూడోది.

మూడో ప్రశ్నకు జవాబు ఈ క్షణమే చెప్పాలి: కడగకండి. ఎందుకన్నది చివర్లో చెబుతాను.

ఇక కప్పలు. మూడూ ఒకే జాతి. శాస్త్రీయ నామం పాలీపెడేటస్ మాక్యులేటస్. మాక్యులేటస్ అంటే మచ్చలు కలది. వరంగల్ చుట్టుపక్కల ఇళ్ల గోడలెక్కి, బల్లిలా నిట్టనిలువు గోడకు కరుచుకుని కూర్చునే కప్ప ఇదే. యాప్ చెప్పిన పేరు దీని దగ్గరి చుట్టానిది. ఆ చుట్టం కాపురం మన దక్కన్‌లో కాదు.

మూడు దశాబ్దాలు జంతుశాస్త్రం బోధించాను. ఈ ఒక్క కప్పను పట్టుకుని విద్యార్థులు నాకు తెచ్చిన పేర్లు ఎన్నో ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టలేను, ఎందుకంటే నేనూ మొదట్లో అలాగే మోసపోయాను. మా ఇంటి పెరట్లో ఒక వానాకాలమంతా ఒక కప్పను గమనించాను. దాని ఎడమ ముంగాలి చివరి వేలికి కొసన ఉండే గుండ్రని బిళ్ల లేదు, ఎప్పుడో తెగిపోయింది. ఆ ఆనవాలు లేకపోతే అది ఒకే కప్ప అని నేను కూడా నమ్మేవాణ్ని కాదు. వాన తెరిపి ఇచ్చి ఎండ కాసిన పూట, పదకొండు గంటలప్పుడు, తొట్టి పక్క గోడ మీద అది బూడిద కలిసిన తెలుపులో ఉండేది. అదే రోజు రాత్రి ఎనిమిదింటికి బయటికి వచ్చినప్పుడు కాఫీ గింజ రంగులో ఉండేది. వీపు మీద మచ్చలు పగలు కంటికి ఆనేవి కావు, రాత్రి స్పష్టంగా తేలేవి. ముసురు పట్టిన రోజుల్లో పగలు కూడా ముదురు రంగులోనే ఉండిపోయేది.

దీని కీలకం చర్మంలో ఉంది. కప్ప చర్మంలో రంగు కణాలు అంతస్తులుగా పేర్చి ఉంటాయి. పైన పసుపు వర్ణకం ఉన్న కణాలు, వాటి కింద వెలుతురును తిప్పికొట్టే సన్నని పలకలున్న కణాలు, అన్నిటికంటే కింద మెలనిన్ అనే నల్లని వర్ణకం ఉన్న కణాలు. ఈ నల్ల కణాలకు కొమ్మల లాంటి చేతులుంటాయి, అవి పైనున్న కణాలను చుట్టుకుని ఉంటాయి. పీయూష గ్రంథి నుంచి ఒక హార్మోను రక్తంలోకి వస్తే మెలనిన్ రేణువులు ఆ చేతుల కొసల దాకా పాకుతాయి, కప్ప నల్లబడుతుంది. హార్మోను తగ్గితే రేణువులు కణం నడిమికి ముడుచుకుంటాయి, కప్ప వెలిసిపోతుంది. వెలుతురు, కూర్చున్న చోటి రంగు, వేడి, తేమ, బెదురు అన్నీ ఈ మార్పును నడిపిస్తాయి. కాబట్టి మీ స్నానాల గది కప్ప తెల్లగా ఉండటం దాని జాతి లక్షణం కాదు, అది ఆ పూట దాని పరిస్థితి. గోడ తెల్లనిది, పైన వెంటిలేటరు లోంచి ఎండ పడుతోంది, పగటి పూట. అదే కప్పను రాత్రి పూట జామచెట్టు మీద పెడితే మీ పుట్టింటి కప్పకు కవలలా కనిపిస్తుంది.

తెల్లబడటం వల్ల దానికి మేలే జరుగుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. తడి చర్మంతో ఊపిరి పీల్చే జంతువు అంత ఎండలో బతకడం చిన్న విషయం కాదు. లేత రంగు చర్మం వేడిని తక్కువగా తీసుకుంటుంది. దానికి తోడు ఈ కప్పకు ఇంకో అలవాటు ఉంది, చూసినవాళ్లు మరచిపోలేరు. చర్మం నుంచి మైనం లాంటి కొవ్వు పదార్థాన్ని ఊరించి, కాళ్లతో, చేతులతో తల మీద, వీపు మీద, పొట్ట కింద తుడుచుకుంటుంది. పిల్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటున్నట్టే ఉంటుంది. 1997లో ఈ అలవాటు మీదనే, ఇదే జాతి కప్ప మీద పరిశోధన వెలువడింది. ఆ పూత వల్ల చర్మం నుంచి నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. అలా తుడుచుకున్నాక కాళ్లూ చేతులూ ఒంటి కిందికి ముడుచుకుని, కళ్లు మూసుకుని, పగలంతా కదలకుండా కూర్చుంటుంది. మీరు చూసిన సున్నం ముద్ద భంగిమ అదే.

సున్నం అన్నాను కాబట్టి ఒక మాట. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ కప్పకు చునాం ఫ్రాగ్ అన్న పేరు కనిపిస్తుంది. ఆ చునాం మన సున్నమే. సున్నం వేసిన గోడల మీద, స్తంభాల మీద ఇది కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. మీరు దాన్ని చూడగానే సున్నం పూసినట్టుంది అని రాశారు, ఆ పేరు పెట్టినవాళ్లకూ సున్నమే గుర్తొచ్చింది. నాకు అది చాలా ముచ్చటగా అనిపించింది.

రంగు సంగతి అలా ఉంచి, మచ్చల సంగతి చూద్దాం. మచ్చలు వెలిసినా తేలినా వాటి ఆకారం రంగులా పూటకోసారి మారదు, కానీ ఒక కప్పకూ ఇంకో కప్పకూ తేడా ఉంటుంది. కొన్నిటి వీపు మీద చెదురుమదురు చుక్కలు, కొన్నిటి మీద భుజాల మధ్య మొదలై నడుము దాకా వచ్చే డమరుకం, కొన్నిటి మీద అసలేమీ ఉండవు. ఒకే మడుగులో ఒకే రాత్రి ఈ మూడు రకాలూ దొరుకుతాయి. నేను మడుగు ఒడ్డున జతకట్టిన కప్పల్లో ఆడది మచ్చలు లేనిది, మగది డమరుకం ఉన్నది కూడా చూశాను. ఆడకప్ప పెద్దది, ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర దాకా పెరుగుతుంది. మగది చిన్నది, అయిదు సెంటీమీటర్ల అటూఇటూ. పరిమాణం చూసి రెండు జాతులనుకునేవాళ్లూ ఉన్నారు, అందుకే ఇది కూడా చెబుతున్నాను.

మరి దేన్ని నమ్మాలి? తొడ వెనుక భాగాన్ని నమ్మండి. కప్ప కూర్చున్నప్పుడు దాగి, దూకబోయే ముందో, గోడ పాకేటప్పుడో కాలు చాచినప్పుడు బయటపడే చోటు అది. మాక్యులేటస్‌కు అక్కడ గుండ్రని పసుపు చుక్కలు ఉంటాయి, వాటి మధ్య ముదురు గోధుమ రంగో ఊదా రంగో వల అల్లినట్టు ఉంటుంది. వీపు ఎంత తెల్లబడినా ఈ చుక్కల వరుస పోదు. మీ తమ్ముడి ఫొటోలో కప్ప కొమ్మ ఎక్కుతూ కుడి కాలు చాచింది. ఫొటోను పెద్దది చేసి చూడండి, చుక్కలు లెక్కపెట్టవచ్చు. అందుకే దాని పేరు ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. జామచెట్టు కప్పకు కూడా అంచున రెండు చుక్కలు కనబడుతున్నాయి. స్నానాల గది కప్ప కాళ్లు ముడుచుకుని ఉంది, దాని తొడ మీరే చూడాలి. రాత్రి టార్చి పట్టుకుని కాసేపు నిలబడితే చాలు, వేటకు బయలుదేరేటప్పుడు అదే చూపిస్తుంది.

రెండో ఆనవాలు తల మీది చర్మం. మాక్యులేటస్‌కు తల చర్మం పుర్రెకు అతుక్కోదు, తడి వేలితో మెల్లగా నిమిరితే కాస్త జరుగుతుంది. ల్యూకోమిస్టాక్స్ పెద్ద కప్పల్లో తల చర్మం పుర్రె ఎముకతో కలిసిపోయి బిగుసుకుని ఉంటుంది. శ్రీలంకలోని పాలీపెడేటస్ క్రూసిగర్‌కూ, కేరళ వైపు పడమటి కనుమల్లోని సూడోక్రూసిగర్‌కూ అంతే. ఈ పరీక్ష ఫొటోలో చేయలేం, యాప్ కూడా చేయలేదు.

ఇప్పుడు యాప్ ఎందుకు పొరబడిందో చూద్దాం. ల్యూకోమిస్టాక్స్ అంటే తెల్ల మీసం. పై పెదవి వెంట తెల్లటి గీత ఉంటుంది కనుక ఆ పేరు. గ్రావెన్‌హోర్స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1829లో జావా దీవి కప్పకు పెట్టాడు. మరుసటి ఏడు, 1830లో, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జాన్ ఎడ్వర్డ్ గ్రే మన కప్పకు హైలా మాక్యులేటా అని పేరు పెట్టాడు. ఆయన భారతదేశం చూడలేదు. కంపెనీ సైన్యంలో పనిచేసిన థామస్ హార్డ్‌విక్ ఇక్కడ సేకరించిన బొమ్మల ఆధారంగా ఆయన భారతీయ జంతువుల చిత్రసంపుటం వెలువరించాడు. ఆ తరువాత చాలా కాలం ఈ రెండు కప్పల మధ్య గీత ఎక్కడ గీయాలో తేలలేదు. 1890లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త బులెంజర్ బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథంలో మన కప్పను రాకోఫోరస్ ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) పెట్టాడు. ఇంకొందరు దీన్ని ల్యూకోమిస్టాక్స్‌లో ఒక ఉపజాతిగా లెక్కగట్టారు. పాత పుస్తకాల్లో, వాటిని చూసి రాసిన పాఠ్యపుస్తకాల్లో మీకు మూడు నాలుగు రకాల పేర్లు ఎదురైతే కారణం ఇదే, కప్ప మారలేదు.

యాప్ పోల్చుకునేది ఫొటోలతో. ల్యూకోమిస్టాక్స్ థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అంతటా ఇళ్ల చుట్టూ తిరిగే కప్ప. సరుకులతో పాటు ప్రయాణించి జపాన్‌లోని ఒకినావా దాకా చేరింది. దాని ఫొటోలు లెక్కలేనన్ని ఉంటాయి, వాటిలో డమరుకం గుర్తున్నవీ ఉంటాయి. డమరుకం కనిపించగానే ఆ పేరు చెప్పడం సహజమే. కానీ ఫొటో తీసింది ఏటూరునాగారంలో. ఒక కప్పకు పేరు పెట్టేటప్పుడు ఎక్కడ అన్న ప్రశ్నకు ఎలా ఉంది అన్న ప్రశ్నకున్నంత బరువు ఉంది.

మాక్యులేటస్ వ్యాప్తి చూడండి. దక్షిణాన శ్రీలంక, ఉత్తరాన హిమాలయాల దిగువన నేపాల్, భూటాన్, తూర్పున బంగ్లాదేశ్. మధ్యలో దాదాపు భారతదేశమంతా, వాయవ్యంలోని థార్ ఎడారి వైపు మినహా. సముద్రతీరం నుంచి సుమారు 1500 మీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. ఈశాన్య రాష్ట్రాల వైపు వెళ్లేసరికి ఈ ప్రజాతిలోనే వేరే కప్పలు ఎదురవుతాయి. 1987లో నేపాల్ తెరాయి ప్రాంతం నుంచి ఫ్రెంచ్ శాస్త్రవేత్త దుబోయి వర్ణించిన తెరాయెన్సిస్ ఒకటి, 1906లో బులెంజర్ వర్ణించిన టీనియేటస్ ఒకటి. తెరాయెన్సిస్‌ను మొదట ల్యూకోమిస్టాక్స్‌కు ఉపజాతిగానే లెక్కగట్టారు. పడమటి కనుమల్లో సూడోక్రూసిగర్, ఆక్సిడెంటాలిస్ ఉన్నాయి. శ్రీలంకలో మాక్యులేటస్‌తో పాటు ఆ దీవికే పరిమితమైన క్రూసిగర్, ఫాస్టిగో, రాన్వెల్లాయి ఉన్నాయి. అంటే వానలు దట్టంగా కురిసే అంచుల్లో ఈ ప్రజాతి చీలి చీలి చిన్న చిన్న చోట్లకు పరిమితమైంది. ఎండా వానా రెండూ విపరీతంగా ఉండే నడిమి మైదానంలో మాత్రం ఒక్క మాక్యులేటసే పరుచుకుంది.

ఎందుకలా అన్నదే నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించే సంగతి. మిమ్మల్ని తికమక పెట్టిన ఆ రంగు మార్పే అందుకు ఒక కారణమని నా అభిప్రాయం. తెల్లబడగలదు, మైనం పూసుకోగలదు, నీటికి దూరంగా చెట్టు తొర్రలోనో గూన పెంకుల కిందనో వేసవిని గడపగలదు. గుడ్ల విషయంలోనూ అంతే. చెరువు కప్పలు గుడ్లు నీటిలో పెడతాయి, నీరెండితే గుడ్లూ పోతాయి. చెట్టు కప్ప నీటికి పైన నురుగు గూడు కడుతుంది. ఎండకు పైపొర ఆరి గట్టిపడినా లోపల తడి నిలుస్తుంది. వాన ఒక వారం వెనక్కి జరిగినా ఆ గుడ్లకు కాస్త వ్యవధి దొరుకుతుంది. మనకు ఏటా కురిసే వెయ్యి మిల్లీమీటర్ల అటూఇటూ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఆ నాలుగు నెలల్లో బతుకంతా సర్దుకోగల కప్పలే ఇక్కడ నిలుస్తాయి.

దానికి మనుషులు కూడా తోడయ్యారు. కాకతీయులు తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల గురించి మీరు పిల్లలకు చెబుతూనే ఉంటారు. అయితే ఈ కప్ప పెద్ద చెరువు నడిమిని కోరుకోదు, అక్కడ చేపలు తోకకప్పలను మిగల్చవు. దానికి కావలసింది చెరువు కట్ట వెనుక ఊట నిలిచే గుంట, అలుగు పారే వాగు పక్కన మడుగు, పొలంలోని పాత దిగుడు బావి, ఇంటి వెనుక సిమెంటు తొట్టి. రెండు నెలలు నీళ్లు నిలిచి, చేపలు లేకుండా, పైన ఒక కొమ్మో గోడో వంగి ఉంటే చాలు. పాకాల నుంచి వరంగల్ దాకా అలాంటి చోట్లు గొలుసులా ఉన్నాయి. కాబట్టి మీ మూడు ఫొటోల కప్పలు మూడు వేర్వేరు లోకాలవి కావు. అడవిలోదీ తోటలోదీ నగరంలోదీ ఒకే వ్యాప్తిలోని మూడు చుక్కలు.

అలాగని పుస్తకంలో పటం మీద రంగు పూసిన ప్రతి చోటా ఎవరో వెళ్లి కప్పను చూసి వచ్చారని అనుకోకండి. వ్యాప్తి పటాలు గీసేవాళ్లు దొరికిన చుక్కలను కలిపి, మధ్య భాగమంతా నింపుతారు. ఆ మధ్య భాగంలో మనలాంటి ఊళ్లే ఉంటాయి. ఇది ఎందుకు ముఖ్యమో ఒక మాటలో చెబుతాను. గత కొన్ని దశాబ్దాలుగా డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక, ఆసియాలో ఒకే జాతి అనుకున్న కప్పలు అనేకం విడిపోయాయి. ల్యూకోమిస్టాక్స్ గుంపులోనే అలా జరిగింది. గ్రే పేరు పెట్టిన మాక్యులేటస్‌కు మూలస్థానం, అంటే ఆ పేరుకు ఆధారమైన కప్ప దొరికిన చోటు, బెంగాల్. నామకరణ నియమాల ప్రకారం రేపు ఎవరైనా ఈ విశాలమైన జాతిని రెండుగా చీల్చవలసి వస్తే, పాత పేరు బెంగాల్ కప్పకే ఉండిపోతుంది, విడిపోయిన రెండోదానికి వేరే పేరు కావాలి. ఆ గీత గోదావరికి ఇవతల పడుతుందా, అవతల పడుతుందా అన్నది తేల్చాలంటే గోదావరి ఒడ్డున ఎవరో చూసి, కొలిచి, రాసి పెట్టి ఉండాలి. ఏటూరునాగారం ఆ ఒడ్డునే ఉంది. మీ తమ్ముడి ఫొటోను నేను అంత విలువైనదిగా చూడటానికి కారణం అది.

అందుకని ఆయనకు చెప్పండి, ఫొటోతో పాటు తేదీ, గంట, ఊరి పేరు, కప్ప కూర్చున్న చోటు, నేల నుంచి ఎత్తు రాసి పెట్టమని. రంగు రాసేటప్పుడు పగలా రాత్రా, ఎండా ముసురా అన్నది తప్పక రాయాలి, లేకపోతే ఆ రంగుకు అర్థం లేదు. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, వెనుక కాలు చాచినప్పుడు తొడ కనిపించేలా ఒకటి, మూడు ఫొటోలుంటే మంచిది. అరుపును ఫోనులో రికార్డు చేయగలిగితే ఇంకా మంచిది. మగకప్ప అరుపు కర్రతో తలుపు తట్టినట్టు టక్ టక్ టక్‌మని వరుసగా వస్తుంది, చెరువు కప్పల బెకబెకలో కూడా విడిగా తెలుస్తుంది. రంగు మారుతుంది కానీ అరుపు అలా మారదు. దగ్గరి చుట్టాలను విడదీయడంలో శాస్త్రజ్ఞులు దాని మీద ఎంతో ఆధారపడతారు.

మీ అత్తగారు ఈ కప్ప విషం చిమ్ముతుందని భయపడుతున్నారని రాశారు. చిమ్మదు. కరిచి గాయం చేయదు. పట్టుకున్న చేతితో కళ్లు నలుముకుంటే మంట పుట్టవచ్చు, చేతులు కడుక్కుంటే సరిపోతుంది. దాన్ని పట్టుకోవలసి వస్తే ముందు చేతులు తడుపుకోమనండి, సబ్బు చేతులతో మాత్రం వద్దు, దాని చర్మం మనం రాసినదాన్ని పీల్చుకుంటుంది. స్నానాల గదిలో ఫినాయిలు పోసే రోజున దాన్ని తడి గుడ్డలో ఎత్తి బయట ఏదైనా చెట్టు మొదట వదలండి. నచ్చితే అదే తిరిగి వస్తుంది.

ఇక తొట్టి గోడ మీది నురుగు. మీరు పంపిన ఫొటోలో అది పిడికిలంత ఉంది, పైపొర పచ్చబారి ఆరుతోంది. అది నిన్నో మొన్నో రాత్రి కట్టిన గూడు. ఆడకప్ప తన ఒంటి నుంచి ఊరిన జిగురును వెనుక కాళ్లతో గిలకొడుతుంది, వీపు మీది మగకప్ప కూడా కాళ్లు కలుపుతుంది. మజ్జిగ చిలికినట్టు నురుగు లేస్తుంది, అందులో కొన్ని వందల గుడ్లు ఉంటాయి. మూడు నాలుగు రోజులకు గుడ్లు చిట్లి, నురుగు కింది వైపు కరిగి, తోకకప్పలు ఒక్కొక్కటే నీటిలో పడతాయి. కాబట్టి ఈ వారం తొట్టిలో నీళ్లు గూడు కిందుగా నిలిచి ఉండాలి, గూడు మునగకూడదు. బట్టలకు ఆ నీళ్లు వాడుకోవలసి వస్తే మగ్గుతో పై నీళ్లు తీసుకోండి, అడుగున సగం వదిలేయండి, పోసే నీటిలో బ్లీచింగ్ పొడి కలపకండి. తోకకప్పలు గోడల మీది నాచు తింటాయి. వాటికి కాళ్లు వచ్చి గోడ ఎక్కడానికి రెండు నెలల దాకా పడుతుంది. ముంగాళ్లు వచ్చిన రోజుల్లో ఒక కర్రను తొట్టిలోంచి బయటికి వాలుగా ఆనించి పెట్టండి.